మొరం కింద పచ్చమట్టి: గ్రానైట్‌లో ఇనుము ఉన్న మట్టి ఖనిజాలు ఎట్ల పుడతయి?

చల్కశేను
నమస్తే అందరికీ. మాది చౌటుప్పల్ దిక్కు. ఎండిపోయిన పాత బావిని ఈ ఎండకాలం ఇంకింత లోతుకు తవ్విస్తున్నం. పైన మూడు నాలుగు ఫీట్లు ఎర్ర చల్క. దాని కింద చేతికి అంటుకునే ఎర్రమన్ను ఒక పొర. ఆ తర్వాత మొరం. అది ఎర్రగ లేదు. తెల్లమచ్చ, పసుపుమచ్చ కలిసి ఉంది. నలిపితే పలుగురాయి గింజలు, బంగారు రంగు రేకులు రాలుతున్నయి. ఇంకా దిగువకు పోతే బండ పగుళ్ళల్ల ఆకుపచ్చగ, కొంచెం నీలంగ, జారుడు మట్టి దొరికింది. గట్టు మీద పోస్తే కొన్ని రోజులల్ల గోధుమరంగుకు తిరిగింది. ఊర్ల కొందరు రాగి ఉన్నదంటున్నరు.

ఎర్రమట్టికి రంగు ఇనుము వల్ల వస్తదని బడిల చదివినం. మరి తెల్లటి బండల ఇనుము ఏడున్నది? ఒకటే బండ నుంచి తెల్ల మొరం, ఎర్రమన్ను, పచ్చమట్టి మూడు ఎట్ల అయితయి? తెలిసినోళ్ళు కొంచెం వివరంగ చెప్పుండ్రి.

బోరుబండి
అన్నా, ఆ పచ్చమట్టి మాకు బోర్లల్ల శానసార్లు తగులుతది. బిట్టుకు పట్టుకుంటది, గాలి కొట్టినా తొందరగ రాదు. అది ఏందో నేను గూడ తెలుసుకోవాల్నని ఉన్న.

భూగర్భం
రాగి కాదండీ. రాగి వల్ల వచ్చే పచ్చరంగు గాలి తగిలినంత మాత్రాన గోధుమరంగుకు తిరగదు. మీ మట్టి తిరిగిందంటే అందులో ఉన్నది ఇనుమే, అదీ ఫెర్రస్ రూపంలో ఉన్న ఇనుము. లోతులో ఆక్సిజన్ అందక అట్లాగే ఉండిపోయింది. పైకి తీశాక గాలి తగిలి ఫెర్రిక్‌గా, అంటే తుప్పులో ఉండే రూపంలోకి మారింది.

ఆ ఇనుము ఎక్కడిదంటే, బండలోని నల్ల చుక్కల్లోది. తాజాగా పగలగొట్టిన గ్రానైట్ ముక్కను ఎండలో పట్టుకుని చూడండి. తెల్లవి, గులాబీ రంగువి ఫెల్డ్‌స్పార్లు. బూడిదరంగులో మెరిసేది పలుగురాయి. మధ్యలో ఉన్న నల్ల చుక్కల్లో ఎక్కువ భాగం నల్ల అభ్రకం, అంటే బయొటైట్. కొన్ని బండల్లో హార్న్‌బ్లెండ్ అనే మరో నల్ల ఖనిజం కూడా ఉంటుంది, కాస్త మాగ్నటైట్ (అయస్కాంతానికి అంటుకునే ఇనుప ఖనిజం) ఉంటుంది. రాయి మొత్తం మీద ఐరన్ ఆక్సైడ్ లెక్క కడితే రెండు మూడు శాతమే వస్తుంది. బయొటైట్‌ను మాత్రం విడదీసి పరీక్షిస్తే దాని బరువులో ఐదోవంతు దాకా ఐరన్ ఆక్సైడే. అంటే బండలోని ఇనుమంతా కొద్దిచోట్లే పోగుపడి ఉంది. అది అక్కడి నుంచి ఎట్లా బయటపడుతుంది, బయటపడ్డాక ఏ ఖనిజంలో చేరుతుంది అన్నదాన్ని బట్టే మీ బావి గోడ మీద కనిపించే రంగులు ఏర్పడ్డాయి.

వాననీరు గాలిలోని ఆక్సిజన్‌ను, నేలలో వేర్లు, సూక్ష్మజీవులు వదిలే కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని కిందికి దిగుతుంది. 25 డిగ్రీల వేడిలో లీటరు నీటిలో కరిగే ఆక్సిజన్ 8 మిల్లీగ్రాములకు కాస్త అటూ ఇటూ మాత్రమే. అంత కొద్దిపాటి ఆక్సిజనే వేల ఏళ్ళు, లక్షల ఏళ్ళు దిగుతూ ఉంటే బండ మెత్తబడుతుంది. అన్ని ఖనిజాలూ ఒకేసారి పోవు. శామ్యూల్ గోల్డిచ్ 1938లో ఆ వరుసను చెప్పాడు. దాని ప్రకారం మన గ్రానైట్‌లో కాల్షియం ఎక్కువున్న ప్లాజియోక్లేజ్ ఫెల్డ్‌స్పార్, హార్న్‌బ్లెండ్, బయొటైట్ ముందు పోతాయి. పొటాష్ ఫెల్డ్‌స్పార్ ఆలస్యంగా పోతుంది. పలుగురాయి అట్లాగే మిగులుతుంది. మీ చేతిలో రాలిన గింజలు అవే.

ఆ బంగారు రేకుల గురించి మన ‘మట్టిపొర’ మేడం చెబితే బాగుంటుంది. ఆమె పరిశోధన దాని మీదే.

మట్టిపొర
ధన్యవాదాలు సార్. ఈ ప్రశ్న ఇక్కడికి వచ్చినందుకు నాకు నిజంగా సంతోషంగా ఉంది. బండకూ పంటకూ మధ్య జరిగే పనిలో ఎక్కువ భాగం ఈ రేకుల్లోనే జరుగుతుంది.

బయొటైట్‌లో పొరలుంటాయి. ఒక్కో పొరలో పైనా కిందా సిలికా పలకలు, మధ్యలో మెగ్నీషియం, ఫెర్రస్ ఇనుము ఉన్న పలక. ఇట్లాంటి పొరలకు మొత్తం మీద రుణావేశం ఉంటుంది. దాన్ని సరిపెట్టడానికి పొరకూ పొరకూ మధ్య పొటాషియం కూర్చుని రెండింటినీ గట్టిగా పట్టి ఉంచుతుంది. పొర నుంచి పొరకు దూరం 10 అంగ్‌స్ట్రామ్‌లు (ఒక అంగ్‌స్ట్రామ్ అంటే మిల్లీమీటరులో కోటోవంతు).

ఆక్సిజన్ ఉన్న నీరు అంచుల్లోంచి చేరగానే ఫెర్రస్ ఇనుము ఒక ఎలక్ట్రాన్‌ను వదిలి ఫెర్రిక్ అవుతుంది. పొరలో ధనావేశం పెరిగింది కాబట్టి రుణావేశం తగ్గింది. ఇక అంత పొటాషియం అవసరం లేదు. కొంత బయటికి పోతుంది. ఆ ఖాళీలోకి నీటిని వెంటబెట్టుకుని మెగ్నీషియం, కాల్షియం వస్తాయి. దూరం 14 అంగ్‌స్ట్రామ్‌లకు పెరుగుతుంది. ఇప్పుడది వర్మిక్యులైట్. మధ్య దశలో ఒక పొర తెరుచుకుని, పక్క పొర మూసుకుని ఉన్న ఖనిజం కూడా దొరుకుతుంది, దాన్ని హైడ్రోబయొటైట్ అంటారు. నలుపు పోయి రేకు బంగారు రంగుకు వచ్చేది ఈ దశల్లోనే. మీకు రాలినవి దాదాపుగా ఇవే అయి ఉండాలి.

10 నుంచి 14 అంటే తెరుచుకున్న పొర మందం 40 శాతం పెరిగినట్టు. తడిసిన పుస్తకం ఉబ్బినట్టు రేకు ఉబ్బుతుంది, కానీ చుట్టూ ఫెల్డ్‌స్పార్, పలుగురాయి బిగుసుకుని ఉన్నాయి. ఆ ఒత్తిడికి పక్కనున్న గింజలు చిట్లుతాయి. ఆ చిట్లిన సందుల్లోంచి నీరు ఇంకా లోపలికి పోతుంది. బండ మొరంగా మారడానికి మొదటి దెబ్బ కొట్టేది నల్ల అభ్రకమే.

మిద్దెతోట
వర్మిక్యులైట్ అంటే మేము కుండీల్లో కలిపేదేనా అండీ? అది దుకాణంలో తేలిగ్గా, జల్లుగా ఉంటుంది.

మట్టిపొర
అదే ఖనిజం. గనిలో దొరికిన దాన్ని బాగా వేడి చేస్తే పొరల మధ్య నీరు ఒక్కసారిగా ఆవిరై విప్పుకుంటుంది, అందుకే అంత తేలిక. నెల్లూరు జిల్లా అభ్రకం ప్రాంతంలో కూడా వర్మిక్యులైట్ నిక్షేపాలున్నాయి.

పెర్త్‌లో_తెలుగు
మేడం చెప్పిన దానికి ఒక ముడి ఉంది, అది కూడా ఇక్కడ ఉండాలి. ఇనుము ఆక్సీకరణ చెందితే పొటాషియం తేలిగ్గా పోతుందనుకుంటాం. ప్రయోగశాలలో చూస్తే ఆక్సీకరణ చెందిన బయొటైట్ పొటాషియాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. కారణం, పొరలోని హైడ్రాక్సిల్ గుంపు (ఆక్సిజన్, హైడ్రోజన్ జంట). తాజా బయొటైట్‌లో దాని హైడ్రోజన్ నేరుగా పొటాషియం వైపు చూస్తూ దాన్ని నెడుతూ ఉంటుంది. ఇనుము ఫెర్రిక్ అయ్యాక, పక్కన ఒక గూడు (పలకలో అయాన్ కూర్చునే చోటు) ఖాళీ అయ్యాక అది పక్కకు ఒరుగుతుంది, నెట్టుడు తగ్గుతుంది. అంటే ఒకే చర్య ఒకవైపు తలుపు తీస్తూ ఇంకోవైపు గొళ్ళెం పెడుతోంది. పొలంలో ఏది గెలుస్తుందనేది నీరు ఎంత కదులుతోంది, పొటాషియాన్ని ఎవరైనా ఎత్తుకుపోతున్నారా (వేర్లు కావచ్చు, వాన కావచ్చు) అన్నదాని మీద ఉంటుంది.

మట్టిపొర
అవును, ఆ ముడి నిజమే. అందుకే ఆక్సీకరణతోనే అంతా అయిపోయిందని చెప్పను. ఆక్సీకరణ, ఆమ్లం, నీటి పారుదల మూడూ కలిస్తేనే పొర పూర్తిగా తెరుచుకుంటుంది. ఇంకో సంగతి, ఆవేశం సరిపెట్టుకోవడానికి కొంత ఇనుము పొరలోంచి పూర్తిగా బయటికే వచ్చేస్తుంది. అది రేకు అంచుల మీద, పగుళ్ళలో గోథైట్ అనే పసుపు తుప్పు ఖనిజంగా పేరుకుంటుంది. మొరంలో పసుపు, గోధుమ మచ్చలన్నీ అవే.

అనంత_నేల
మాది అనంతపురం జిల్లా, బళ్ళో సైన్సు చెప్తాను. నాకొక సందేహం. మా ఎర్రనేలలో ఎరుపు, మట్టి ఖనిజం లోపల ఉన్న ఇనుముదా, లేక పైన పూసుకున్నదా? పిల్లోళ్ళు అడిగితే ఏం చెప్పాల?

మట్టిపొర
పైన పూసుకున్నదే సార్. దీన్ని తేల్చే పద్ధతి 1960 నాటిది, మెహ్రా, జాక్సన్ అనే ఇద్దరి పేరు మీద ఉంది. మట్టిని సోడియం డైథయోనైట్, సిట్రేట్, బైకార్బొనేట్ ద్రావణంలో వేడి చేస్తారు. ఆక్సైడుగా ఉన్న ఇనుము కరిగిపోతుంది. ఖనిజపు గూటిలో ఉన్న ఇనుము చాలావరకు అలాగే ఉంటుంది. ఎర్ర చల్కను అట్లా శుద్ధి చేస్తే బూడిదరంగు మట్టి మిగులుతుంది. ఎరుపు మొత్తం కరిగి ద్రావణంలోకి పోయింది. ఆ రంగు హెమటైట్ అనే ఎర్ర ఐరన్ ఆక్సైడ్‌ది. కొద్దిపాటి హెమటైట్ ఉన్నా నేలంతా ఎర్రబడుతుంది, అది అంత గట్టి రంగు. ఎండ, వేడి, మధ్యమధ్య ఆరిపోవడం ఉన్నచోట హెమటైట్ ఎక్కువ. ఎప్పుడూ తేమగా ఉండేచోట పసుపు గోథైట్ ఎక్కువ. మీ అనంతపురంలో ఎరుపు ఎందుకు గాఢమో దీన్నిబట్టి పిల్లలకు చెప్పొచ్చు.

అలా శుద్ధి చేశాక కూడా మట్టిలో ఇనుము మిగిలితే అదే అసలైన ‘మట్టి ఖనిజంలోని ఇనుము’. ఈ చర్చకు పెట్టిన పేరు దాని గురించే కాబట్టి అది కూడా చెబుతాను.

బయొటైట్ తెరుచుకున్నాక దారి రెండుగా చీలుతుంది. నీరు బాగా దిగిపోయే చోట, అంటే గుట్ట వాలు మీద, సిలికా, మెగ్నీషియం, కాల్షియం అన్నీ నీటితో పోతాయి. అక్కడ మిగిలేది కేయొలినైట్ అనే తెల్లమట్టి ఖనిజం. దాని గూటిలో అల్యూమినియం స్థానంలో ఇనుము పట్టేది చాలా తక్కువ. ఫెర్రిక్ అయాన్ వ్యాసార్ధం 0.645 అంగ్‌స్ట్రామ్, అల్యూమినియంది 0.535. ఇరుకు గూడు కాబట్టి ఇనుము బయటే మిగిలిపోయి ఆక్సైడ్ అవుతుంది. తెల్లమట్టి, ఎర్రపూత వేరువేరుగా కనిపించేది ఇందుకే.

నీరు నిలిచే చోట, పల్లంలో, పగుళ్ళలో సిలికా, మెగ్నీషియం పోకుండా అక్కడే ఉంటాయి. అప్పుడు తడిస్తే ఉబ్బే మట్టి ఖనిజం, స్మెక్టైట్ పుడుతుంది. స్మెక్టైట్ మధ్య పలక కాస్త సాగగలదు, ఫెర్రిక్ ఇనుమును బాగానే ఇముడ్చుకుంటుంది. మధ్య పలకలో ఇనుమే ఎక్కువైతే దాన్ని నాంట్రొనైట్ అంటారు, ఫ్రాన్స్‌లోని నాంత్రోన్ ఊరి పేరు మీద 1827లో పెట్టిన పేరు. గ్రానైట్‌లో అసలైన నాంట్రొనైట్ అరుదు. అది బసాల్ట్ లాంటి నల్లరాళ్ళ దగ్గర, సముద్రపు అడుగున వేడినీటి ఊటల దగ్గర ఎక్కువ. మన దగ్గర ఎక్కువగా దొరికేది అల్యూమినియం, ఇనుము రెండూ కలిసిన స్మెక్టైట్, బీడెల్లైట్ రకం.

చల్కశేను
మేడం, శాన మంచిగ అర్థమయింది. అంటే మా బావిల పైన పొరల ఇనుము పూతగ ఉన్నది, కింద పగుళ్ళల్ల మట్టి లోపలనే ఉన్నది. అంతేనా? మరి ఆకుపచ్చ ఎందుకు, నీలం ఎందుకు?

మట్టిపొర
సరిగ్గా పట్టుకున్నారు. ఒకే పలకలో ఫెర్రస్, ఫెర్రిక్ రెండూ పక్కపక్కన ఉంటే ఎలక్ట్రాన్ ఒకదాని మీది నుంచి ఇంకోదాని మీదికి దూకుతుంది. ఆ దూకుడుకు కాంతిలో ఎరుపు భాగం ఖర్చయి మిగిలింది పచ్చగా, నీలంగా కనిపిస్తుంది. పూర్తిగా ఫెర్రిక్ అయితే పసుపు, గోధుమ. మీ గట్టు మీద జరిగింది అదే.

కింద అది ఫెర్రస్‌గా ఎందుకుందంటే రెండు కారణాలుండొచ్చు. ఒకటి, ఆక్సిజన్ ఇంకా అందలేదు. రెండు, ఒకసారి ఫెర్రిక్ అయినదాన్ని సూక్ష్మజీవులు మళ్ళీ ఫెర్రస్ చేశాయి. జియోబాక్టర్, షెవానెల్లా లాంటి బాక్టీరియా ఆక్సిజన్ లేనిచోట ఇనుము మీదికి ఎలక్ట్రాన్లను తోసి బతుకుతాయి. మట్టి ఖనిజపు గూటిలో ఉన్న ఇనుమును కూడా అవి వదలవు.

ఒక మెలిక మాత్రం ఉంది. పగుళ్ళలోని ఆకుపచ్చ మట్టి అంతా శైథిల్యం (గాలికీ నీటికీ బండ మెత్తబడటం) వల్ల వచ్చిందే కానక్కర్లేదు. గ్రానైట్ చల్లబడే రోజుల్లోనే వేడినీళ్ళు పారి బయొటైట్ క్లోరైట్ అనే మరో పొరల ఖనిజంగా మారి ఉండొచ్చు, అదీ ఆకుపచ్చే. తేడా తెలియాలంటే ఎక్స్‌రే పరీక్ష చేయించాలి. గ్లైకాల్ అనే ద్రవం పట్టిస్తే స్మెక్టైట్ 17 అంగ్‌స్ట్రామ్‌లకు ఉబ్బుతుంది, క్లోరైట్ 14 దగ్గరే కదలకుండా ఉంటుంది. కేయొలినైట్ 7 దగ్గర కనిపించి, 550 డిగ్రీలకు వేడి చేస్తే మాయమవుతుంది. ఇంటి దగ్గరైతే ఎండిన గడ్డను నీళ్ళ గ్లాసులో వేసి చూడండి. గబగబా ఉబ్బి విచ్చిపోతే స్మెక్టైట్ వైపు మొగ్గొచ్చు. కొన్ని రోజుల్లోనే రంగు తిరిగిందన్నారు కాబట్టి నేనూ అటే మొగ్గుతున్నాను. గట్టి క్లోరైట్ అంత తొందరగా రంగు మారదు.

భూగర్భం
పరీక్షకు పంపేవాళ్ళకు ఒక మాట. ఇనుము ఎక్కువున్న మట్టిని రాగి గొట్టం ఉన్న ఎక్స్‌రే యంత్రంలో పెడితే ఇనుమే వెలుగు చిమ్మి పటం వెనక మసక పెంచుతుంది. కోబాల్ట్ గొట్టం ఉన్నచోట అడగండి. ఫెర్రస్ ఎంత, ఫెర్రిక్ ఎంత అని లెక్క కావాలంటే మోస్‌బౌయర్ పద్ధతి ఉంది. అది ఇనుము ఒక్కదాన్నే చూస్తుంది, మిగతా మూలకాలు అడ్డురావు.

బోరుబండి
సార్ నాది ఒక ప్రశ్న. మా బండి బోరు వేసేటప్పుడు మొరంల నీళ్ళు రావు, గట్టి బండల రావు. రెంటి నడుమ వస్తయి. పొడి బూడిదరంగుల వచ్చుకుంట వచ్చుకుంట ఒక్కసారి రాళ్ళ ముక్కల మీద తుప్పు మరక కనబడుతది, ఆ వెనకాలనే జల. నల్ల అభ్రకానికి దీనికి ఏమన్న సంబంధం ఉన్నదా?

భూగర్భం
ఈ చర్చ మొత్తంలో ఇదే పెద్ద ప్రశ్న తమ్ముడూ. సంబంధం ఉంది.

హైదరాబాద్‌కు దక్షిణాన మహేశ్వరం దగ్గర 53 చదరపు కిలోమీటర్ల పరీవాహకంలో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ, ఫ్రాన్స్ భూగర్భ సంస్థ బీఆర్‌జీఎం కలిసి ఏళ్ళ తరబడి పనిచేశాయి. అక్కడ తేలిన చిత్రం ఇది. పైన పదీ పదిహేను మీటర్ల దాకా మొరం. దాని కింద మరో పదిహేను, ఇరవై మీటర్లు పగుళ్ళ పొర. ఆ పగుళ్ళు ఎక్కువగా నేలకు సమాంతరంగా పడుకుని ఉంటాయి, పైన దట్టంగా, లోతుకు పోయేకొద్దీ పలచగా. దాని కింద తాజా బండ. నీళ్ళు ఎక్కువగా పారేది ఆ మధ్య పొరలోనే, నువ్వు చేతితో కనిపెట్టింది అదే.

వెనకటికి ఈ పగుళ్ళకు భూమి లోపలి కదలికలే కారణమని చెప్పేవారు. మహేశ్వరం మీద రాసినవాళ్ళు వేరే కారణం చూపించారు. బయొటైట్ వంటి ఖనిజాలు ఉబ్బుతాయి. పక్కలకు ఉబ్బడానికి బండ ఒప్పదు, పైవైపుకే వీలుంటుంది. అందుకే అడ్డంగా చీలికలు పడతాయి. అంటే శైథిల్యమే పగుళ్ళను పుట్టించింది. నా మటుకు నాకు ఇది నమ్మదగిన వివరణ. ఎందుకంటే పగుళ్ళ పొర ఎక్కడ చూసినా మొరం అడుగునే, నేల వాలును అనుసరిస్తూ ఉంటుంది. భూమి కదలికల వల్ల వచ్చినదైతే ఇంత క్రమంగా నేలను అంటిపెట్టుకుని ఉండదు.

తుప్పు మరక ఏమిటంటే, ఆక్సిజన్ ఉన్న నీరు ఆ పగులులో తిరిగిందనడానికి రుజువు. మరక లేని పగులు చాలావరకు మూసుకుపోయినది.

పెర్త్‌లో_తెలుగు
కరీబియన్ దీవి ప్యూర్టోరికోలో లుకిల్యో కొండల్లో కూడా ఇదే చెప్పారు. అక్కడ క్వార్ట్జ్ డయొరైట్ అనే, గ్రానైట్ లాంటి బండ గుండ్రటి చెక్కలు చెక్కలుగా ఊడుతుంది. బయొటైట్‌లో ఇనుము ఆక్సీకరణ చెంది ఉబ్బడమే ఆ చెక్కలు ఊడటానికి కారణమని 2006లో లెక్కలతో సహా రాశారు. హైదరాబాద్ చుట్టూ ఖాజాగూడ, మౌలాలి దిక్కు గుండ్రాళ్ళు చూసినవాళ్ళకు ఆ మాట వెంటనే మనసుకెక్కుతుంది. 250 కోట్ల ఏళ్ళ నాటి బండ, చుట్టూ మెత్తబడింది కొట్టుకుపోయి మధ్య గుండు మిగిలింది.

నేనుండే పశ్చిమ ఆస్ట్రేలియాలో డార్లింగ్ కొండల గ్రానైట్ ఇంకా దూరం పోయింది. వర్షం, కాలం రెండూ ఎక్కువై సిలికా కూడా కడిగేసింది. పైన బాక్సైట్, ఇనుప గుండ్లు, కింద ఎన్నో మీటర్ల తెల్ల కేయొలినైట్. అక్కడ మట్టికీ ఇనుముకూ పూర్తిగా తెగతెంపులే. తెలంగాణ మొరం ఇంకా మధ్య దారిలో ఉంది, అందుకే వర్మిక్యులైట్, స్మెక్టైట్, కేయొలినైట్ మూడూ ఒకే బావిలో చూడగలుగుతున్నారు.

పునాది
సైట్ ఇంజనీరును. మాకు మొరం అంటే బంగారం, రోడ్డు కింద పొరకు వాడతాం. భయమల్లా నల్లరేగడి. గ్రానైట్ ఊళ్ళలో కూడా పల్లంలో నల్లరేగడి పొర తగులుతుంది, పునాది కింద ఉబ్బుతుంది. ఆ నలుపు దక్కన్ బసాల్ట్ దగ్గరి నుంచి కొట్టుకొచ్చిందనే కదా?

అనంత_నేల
నేనూ అట్లే చదివినాను. రేగడి అంటే బసాల్ట్.

భూగర్భం
అన్నిచోట్లా కాదు. కర్ణాటకలో బందీపూర్ అడవిలో మూలెహొళె అనే చిన్న పరీవాహకం ఉంది, మొత్తం నైస్ రాయి (గ్రానైట్ లాంటిదే, చారలుంటాయి). చుట్టుపక్కల బసాల్ట్ మచ్చుకైనా లేదు. వాలు మీద ఎర్రనేల, వాగు పక్కన నల్లనేల, అందులో స్మెక్టైట్. వాలు మీద కడిగిన సిలికా, కాల్షియం, మెగ్నీషియం పల్లానికి చేరి అక్కడే కొత్త ఖనిజంగా కూర్చుకుంటాయి. గ్రానైట్ పల్లాల్లోనూ ఇదే జరగొచ్చు.

మట్టిపొర
సార్, ఆ ఒక్క ఉదాహరణతో తెలంగాణ రేగడులన్నీ అక్కడికక్కడ పుట్టినవే అనలేం. జహీరాబాద్, వికారాబాద్ వైపు నిజంగానే బసాల్ట్ ఉంది, వాగుల వెంట ఒండ్రు కిందికి వచ్చింది. పైగా మన గ్రానైట్‌ను కోసుకుంటూ డోలరైట్ డైకులు (పగుళ్ళలోకి ఎక్కి గట్టిపడిన నల్లరాయి గోడలు) ఎన్నో పోతున్నాయి. నల్లరాయి డైకు వెంట సన్నగా నల్లమట్టి పట్టీ ఉంటే దానికి డైకే మూలం.

పునాది గారికి ఒక సులువైన గుర్తు చెప్తాను. నల్లమట్టిని నీళ్ళలో బాగా కడిగి, అడుగున మిగిలిన ఇసుకను భూతద్దంతో చూడండి. పలుగురాయి గింజలు, గులాబీ ఫెల్డ్‌స్పార్ తునకలు, బంగారు రేకులు దండిగా ఉంటే అందులో గ్రానైట్ వాటా ఉన్నట్టే. బసాల్ట్‌లో అంత మొద్దు పలుగురాయి ఉండదు. వాగు ఒండ్రులో రెండూ కలిసి ఉండొచ్చు కాబట్టి ఒకే గుంట చూసి తీర్మానించకండి.

భూగర్భం
ఒప్పుకుంటాను. కానీ రేగడి కనబడగానే బసాల్ట్ అని రాసేసే అలవాటు పోవాలి. దానివల్ల గ్రానైట్ పల్లాల మీద ఎవరూ గుంట తవ్వి చూడటం లేదు.

చల్కశేను
మా దిక్కు అసలు బాధ నీళ్ళల్ల ఫ్లోరైడ్. గీ నల్ల అభ్రకానికి అది గూడ తగులుకుంటదా?

భూగర్భం
తగులుకుంటుంది. బయొటైట్ పొరలో హైడ్రాక్సిల్ ఉండే చోట కొంత ఫ్లోరిన్ కూర్చుంటుంది, ఎందుకంటే రెండింటి పరిమాణం, ఆవేశం దగ్గరగా ఉంటాయి. పొర విరిగితే ఆ ఫ్లోరిన్ నీటిలోకి వస్తుంది. అపటైట్, ఫ్లోరైట్ అనే ఖనిజాల నుంచి కూడా వస్తుంది, తప్పంతా అభ్రకం మీదే వేయకూడదు. మన దగ్గర వర్షం తక్కువ, ఎండ ఎక్కువ. నీరు ఆవిరై సున్నం గడ్డలు కడుతుంది. అప్పుడు నీటిలో కాల్షియం తగ్గుతుంది. కాల్షియం ఉంటే ఫ్లోరైడ్‌ను పట్టి కిందికి దింపేది, అది లేక ఫ్లోరైడ్ నీటిలోనే ఉండిపోతుంది. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించి రాసింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ నెల్లూరు జిల్లాలో. నల్లగొండ పేరు మీద పటిక, సున్నంతో నీటిని శుద్ధి చేసే పద్ధతే వచ్చింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా కొత్త బోరు వేసి నీళ్ళు పరీక్ష చేయించకుండా తాగుతున్న ఇళ్ళు ఉన్నాయంటే నాకు చాలా బాధ.

బోరుబండి
మేము కేసింగ్ దింపి, మోటరు చూపించి పోతం సార్. పరీక్ష సంగతి ఎవ్వరు అడగరు. ఇగ నుంచి నేను చెప్త.

చల్కశేను
ఇంకొక్క ముచ్చట. తీసిన పచ్చమట్టి గట్టు మీద కుప్ప పడ్డది. చెరువు పూడిక లెక్క దీన్ని చల్క మీద పోయొచ్చా? మిషన్ కాకతీయ అప్పుడు పూడిక తోలుకున్నం, నీళ్ళు మంచిగ ఆగినయి. మా ఎర్రచల్కల కొంత వరి గూడ పెడత, దానికేమన్న లాభమా?

మట్టిపొర
తొందరపడి పోయకండి. పూడికలో సన్నమట్టితో పాటు కుళ్ళిన ఆకు, పేడ, పోషకాలు ఉంటాయి. ఈ మట్టి లోతులోది, సేంద్రియం దాదాపు ఉండదు. సోడియం ఎక్కువ ఉంటే నేలను చౌడు వైపు లాగుతుంది. ముందు నేల పరీక్షా కేంద్రంలో పీహెచ్, ఉప్పు, సోడియం చూపించండి. బాగుంటే ఒక మూలన కొద్ది చోట పశువుల ఎరువుతో కలిపి వేసి ఒక పంట చూసుకోండి.

వరి గురించి: మడిలో నీళ్ళు నిలిచినప్పుడు సూక్ష్మజీవులు స్మెక్టైట్‌లోని ఫెర్రిక్‌ను ఫెర్రస్ చేస్తాయి. అప్పుడు పొర రుణావేశం పెరుగుతుంది. పొటాషియాన్ని, అమ్మోనియాన్ని పొరల మధ్య బిగబట్టుకుంటుంది. మడి ఆరబెడితే మళ్ళీ కొంత వదులుతుంది. కాబట్టి ఇట్లాంటి మట్టి కలిపిన మడిలో పొటాష్ ఒకేసారి కాకుండా విడతలుగా వేయడం నయం. మీ చల్కలో బంగారు రేకులు ఇంకా రాలుతున్నాయంటే నేలకు సొంత పొటాష్ నిల్వ ఉన్నట్టే. నల్ల అభ్రకం తెల్ల అభ్రకం కంటే చాలా వేగంగా పొటాషియం వదులుతుంది. పరీక్ష చేయించి ఎంత అవసరమో అంతే వేయండి, డబ్బు మిగులుతుంది.

మట్టి నమూనా నాక్కూడా కావాలి. గాలి తగలని లోపలి గడ్డను రెండు ప్లాస్టిక్ సంచుల్లో బిగించి కట్టి, చల్లగా ఉంచి పంపగలిగితే ఎక్స్‌రే తీసి ఫలితం ఇక్కడే పెడతాను. నా చిరునామా మీకు విడిగా పంపాను.

భూగర్భం
నీటి నమూనా గురించి చల్కశేను గారికీ, బోరుబండి తమ్ముడికీ చివరగా: గాజు సీసాలో పట్టకండి, ఫ్లోరైడ్ గాజుతో కలుస్తుంది. ప్లాస్టిక్ సీసాను అదే నీటితో రెండు మూడుసార్లు కడిగి నింపండి. బావిలో ఊట వచ్చిన తర్వాత ఒకసారి, వానాకాలం అయిపోయాక ఒకసారి, రెండూ కావాలి. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉంటే మంచిది, 1.5 దాటితే తాగడానికి వాడకండి. పంటకు పెట్టుకోవచ్చు.

చల్కశేను
సరే సార్. గడ్డలు ఇంక గోడలనే ఉన్నయి, రేపు పొద్దున్నే తీసి కట్టి పెడత మేడం.